బొట్టును మింగిన ఎర్రద్దం

నరసరావుపేటలో జరిగిన పెళ్లిళ్లలో సగం మాణిక్యమ్మ చూసింది. ఒక్కదానికీ వెళ్లలేదు. వెళ్లకుండా ఎలా చూసిందంటే, ఊళ్లో పెళ్లి ఫోటోలు తీసే రసూల్‌కు సొంత డార్క్ రూం లేదు. తీసిన రీళ్లన్నీ తెచ్చి ఈవిడ చేతిలో పోసేవాడు. ఈవిడ చీకటిగదిలో కూర్చుని వాటిని కడిగి, తీగ మీద ఆరేసి, ఆరాక కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూసేది. నెగిటివ్‌లో లోకమంతా తారుమారుగా ఉంటుంది కదా. నల్లటి ముఖాలు, తెల్లటి జుట్టు, నల్లటి నుదుటి మీద తెల్లటి చుక్కలా బొట్టు. పెళ్లికూతురెవరో, తోడిపెళ్లికూతురెవరో, ఏ మేనత్త లాంఛనాలు చాలక మూతి ముడుచుకుందో, ఆ తిరగబడిన ముఖాల్లోనే ఆవిడ పోల్చుకునేది. ఊరంతా పప్పన్నం తిన్న పెళ్లిళ్లను ఈవిడ ఇలా ఒంటరిగా చూసేది.

స్టేషన్ రోడ్డులో ఆ స్టూడియో పెట్టింది ఆవిడ భర్త బ్రహ్మయ్య. చిన్న గది, వెనక ఇంకా చిన్న చీకటిగది, ఆ వెనక కాపురం. పిల్లల్లేరు. పనిలో సాయానికి మనిషిని పెట్టుకునే తాహతు లేక బ్రహ్మయ్య పెళ్లాం చేతికే పని నేర్పాడు. డెబ్భై ఆరులో కామెర్లు వచ్చి, పసరు మందనీ పత్యమనీ పదిహేను రోజులు తిప్పలు పడి, ఆయన పోయాడు. పదకొండో రోజు అయిపోయాక మాణిక్యమ్మ స్టూడియో తలుపు తీసి కెమెరా తుడుచుకుంది. ఆడమనిషి ఫోటో తీయడమేమిటని ఊరు నాలుగు రోజులు నవ్వింది. ఐదో రోజు నుంచి ఆడపిల్లలంతా ఈవిడ దగ్గరికే వచ్చారు. బస్సు పాసులకు, పరీక్ష ఫారాలకు, సంబంధాలకు పంపే ఫోటోలకు మగవాడి ముందు కూర్చోవడం కన్నా ఇదే నయమనుకున్నారు.

పెళ్లిళ్లకు మాత్రం పిలవలేదు. విధవరాలు ఎదురొస్తేనే గుమ్మంలోకి వెళ్లి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరే ఊరు మనది. పెళ్లికూతురి ఎదురుగా నిలబడకుండా పెళ్లి ఫోటో తీసే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. మాణిక్యమ్మ కూడా ఎవరినీ తప్పు పట్టలేదు. అసలు సంగతి అదే, ఆవిడ కూడా ఆ మాటను నమ్మింది.

బ్రహ్మయ్య వదిలి వెళ్లిన ఆస్తిలో కెమెరా తర్వాత చెప్పుకోదగ్గది ఒక తోలు పెట్టె. అందులో నాలుగు గుండ్రటి గాజు బిళ్లలు. పసుపు, నారింజ, ఆకుపచ్చ, ఎరుపు. ఫిల్టర్లంటారు, మాణిక్యమ్మ అద్దాలనేది. వాటి శాస్త్రం మొగుడు ఆవిడకు ఒక్క ముక్కలో చెప్పాడు. "మన ఫిలింకి రంగులు తెలవ్వే. నలుపూ తెలుపే దాని లోకం. ఏ రంగు అద్దం పెడితే ఆ రంగు వస్తువు తెల్లబడుద్ది. దానికి పడని రంగు నల్లబడుద్ది. ఇంతే."

ఇంతేనని ఆయన అన్నాడు గాని, ఆ ఇంతలోనే బోలెడు ఉంది. మన ఎండలకు ఆకాశం ఫోటోలో ఉతికిన పంచెలా తెల్లగా పడుతుంది. పసుపద్దం పెడితే కాస్త చాయ తేలి మబ్బులు తొంగిచూస్తాయి. నారింజది ముఖం మీది మంగుమచ్చల్ని దాస్తుంది, సంబంధాల ఫోటోలకు అది దేవుడిచ్చిన వరం. ఆకుపచ్చది పెడితే చెట్లు నిగనిగలాడతాయి, ఎరుపు నల్లబడుతుంది కాబట్టి కుంకుమబొట్టు నిండుగా నిలబడుతుంది. ఆరుబయట ఆడవాళ్లను తీస్తే అదే వాడాలి. ఇక ఎర్రద్దం మొండిఘటం. నీలాకాశాన్ని సిరాబుడ్డిలా నల్లగా చేసి తెల్లమబ్బును పగిలిన పత్తికాయలా చూపిస్తుంది. బ్రహ్మయ్య విజయపురి సౌత్‌లో డ్యామును దానితోనే తీశాడు. ఈ అద్దాలన్నీ వెలుతురు తాగుతాయి. ఎర్రది అందరిలోకీ తాగుబోతు, మామూలుగా పట్టే వెలుతురుకు ఎనిమిదింతలు పోయాలి. అందుకని షట్టరును బాగా నిదానంగా పెట్టుకోవాలి.

ఇంకొక్క సంగతి చెబితే పాఠం అయిపోతుంది. ఆ కెమెరాకు ముందు రెండు కళ్లు, ఒకదాని మీద ఒకటి. తల వంచి పైనుంచి చూసే మనిషికి పైకన్ను చూపిస్తుంది. ఫిలిం మీద బొమ్మ వేసేది కిందికన్ను. అద్దం తగిలించేది దానికే. కాబట్టి కింద ఏ అద్దం ఉన్నా పైన చూసేవాళ్లకు తెలియదు, వాళ్లే గుర్తుపెట్టుకోవాలి.

మాణిక్యమ్మకు ధనలక్ష్మి అని అక్క కూతురు. అక్క పురిట్లోనే పోతే ఆ పిల్ల పదేళ్లదాకా ఈవిడ దగ్గరే పెరిగింది. ఫోటోలు ఆరేసే తీగ కింద పాకింది, స్టూడియో బల్ల మీద పలక పెట్టుకుని అక్షరాలు దిద్దింది. బ్రహ్మయ్య పోయిన నెలకు బావ కోటయ్య ఈపూరు నుంచి వచ్చి, ఆడపిల్లను ఈ కొంపలో ఉంచడం బాగుండదని నాయనమ్మ అంటోందని గోడకేసి చూస్తూ చెప్పి, పిల్లను తీసుకుపోయాడు. ఒక్క నెలలో ఇద్దరు మనుషులు పోయారు ఆ ఇంట్లో. ఆ రాత్రి ఎవరికి అన్నం పెట్టాలో తెలియక మాణిక్యమ్మ వండిన గిన్నె వండినట్టే మూత పెట్టింది.

ఎనభై నాలుగు శ్రావణంలో ధనలక్ష్మికి రాజుపాలెం సంబంధం కుదిరింది. శుభలేఖ పట్టుకుని పిల్లే బస్సెక్కి పేటకు వచ్చింది.

"ఫోటోలు నువ్వే తీయాల పిన్నీ."

"నేనెందుకే? రసూల్ చానా బాగా తీస్తాడు."

"రసూల్ మామా లేదు, గిసూల్ మామా లేదు. నువ్వు తీయకపోతే నాకు ఫోటోలే వద్దు."

ఏదో మాటవరసకు అని వెళ్లిపోతుందనుకుంది మాణిక్యమ్మ. పిల్ల ఇంటికి పోయి రెండు రోజులు అన్నం మానేసింది. మూడో రోజు నాయనమ్మ సుబ్బులమ్మ దిగివచ్చింది గాని షరతు పెట్టి దిగింది. "తాళి కట్టిందాకా పందిట్లో కాలు పెట్టగూడదు. అన్నీ అయినాక బయట నిలబెట్టి తీసుకోమను." సుబ్బులమ్మకు డెబ్భై ఏళ్లు, మొగుడు బతికే ఉన్నాడు, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. ఆ బొట్టును ఆవిడ అధికారంలాగా పెట్టుకునేది. ఇలాంటి షరతు వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మాణిక్యమ్మకు మండలేదు. పిలిచారు, అదే పదివేలు అనుకుంది.

పెళ్లిరోజు పొద్దున్నే ఈపూరు చేరి, ఇంటి వెనక గడ్డివామి పక్కన వేసిన నులకమంచం మీద కూర్చుంది. పందిట్లో సన్నాయి వినిపిస్తోంది. ఎవరో ఒకావిడ ఆకులో ఉప్మా పెట్టి, మంచం మీద పెట్టేసి, పలకరించకుండా గబగబా పోయింది. గట్టిమేళం మోగింది. తాళి కడుతున్నారన్నమాట. మాణిక్యమ్మ చేతులు వాటంతటవే లేచాయి, అక్షింతలు వేయడానికి. చేతిలో అక్షింతలు లేవు, వేయాల్సిన మనిషి గోడకు అవతల ఉంది. అప్పుడు ఆవిడకు దుఃఖం వచ్చింది. దాన్ని దిగమింగడానికి తల పైకెత్తింది.

తెల్లారుజామున వాన కురిసి వెలిసింది. కొండల మీద ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది, దాని మీద మబ్బులు పత్తి బోరాలు విప్పినట్టు విరగబడి ఉన్నాయి. ఏదో ఒకటి చేయాలి, లేకపోతే ఏడుపు ఆగేట్టు లేదు. తోలు పెట్టె తీసి, ఎర్రద్దం కిందికంటికి తగిలించి, షట్టరు నిదానం చేసి, గడ్డివామి మీద కెమెరా ఆనించి మబ్బుల్ని మూడు ఫోటోలు తీసింది. తనకోసం తాను ఒక ఫోటో తీసుకుని ఎనిమిదేళ్లయింది. మూడో ఫోటో తీసేసరికి మనసు కాస్త కుదుటపడింది.

"మాణిక్యమ్మా! రా, రా! ఇంకో పది నిమిషాల్లో వర్జ్యం వస్తంది, ఈలోగానే తీసెయ్యాల!" కోటయ్య కేక.

వర్జ్యం వచ్చాక కొత్త జంటను బయట నిలబెట్టరు. ఆవిడ పరుగెత్తింది. ఇంటి ముందు ఆరుబయటే అందరినీ నిలబెట్టారు. అదే ఎండ, అదే ఆకాశం. షట్టరు సంగతి చూసుకోవాల్సిన పనిలేదని చెయ్యే చెప్పింది. తల వంచి పైకంటిలో చూసింది. ఎర్ర అంచు మధుపర్కంలో, నుదుట బాసికం కట్టి, దాని కింద ఎర్రటి కుంకుమతో, బుగ్గన దిష్టిచుక్కతో ధనలక్ష్మి నవ్వుతోంది. ఇంత పిల్ల అంత అయింది. మాణిక్యమ్మకు కళ్లు మసకబారాయి. ఆ మసకలోనే రీలులో మిగిలిన తొమ్మిదీ తీసింది.

మర్నాడు ఇంటికొచ్చి రీలు కడిగింది. కిటికీకి ఎత్తిపట్టి చూసి, ఏదో తక్కువైందనుకుంది. ఏమిటో తోచలేదు. చీకటిగదిలోకి పోయి, ధనలక్ష్మి ఒక్కతే ఉన్న ఫోటోను కాగితం మీదికి దించి, ట్రేలో మందునీళ్లలో వేసి ఆడించింది. ముందు జుట్టు వచ్చింది. తర్వాత కళ్లు. తర్వాత బుగ్గన చుక్క. నల్లటి ఆకాశం ముందు, పాలరాతిలాంటి ముఖంతో, పిల్ల ఎంత అందంగా వచ్చిందో! బాసికం వచ్చింది. బాసికం కింద నుదురు వచ్చింది. బొట్టు రాలేదు.

ఎంతసేపు ఆడించినా రాలేదు. ఏ రంగు అద్దం పెడితే ఆ రంగు తెల్లబడుతుంది. కుంకుమ ఒంటిరంగులో కలిసిపోయింది. మధుపర్కం ఎర్ర అంచు తెలుపులో కలిసిపోయింది. బొట్టుంటే అది మధుపర్కం. బొట్టు లేకపోతే అది తెల్లచీర. మాణిక్యమ్మ బయటికొచ్చి కెమెరా చూసింది. కిందికంటికి ఎర్రద్దం అలాగే ఉంది. పెళ్లికూతురి మీదికి తన నీడ పడకూడదని వాళ్లు ఎంత జాగ్రత్త పడ్డారో, అంత పనీ తాను చేసి వచ్చింది. తొమ్మిది ఫోటోల్లో ఒక్క ఆడమనిషికీ బొట్టు లేదు.

సాయంత్రం రీళ్లు తెచ్చిన రసూల్ ఆ ఫోటో చూసి బల్ల మీద పెట్టేశాడు. మంచి మనిషి. ఇలా అన్నాడు: "రీలు నా చేతుల్లో ఎండ తగిలి పోయిందని చెప్పక్కా. తిట్లు నేను తింటా."

"అది అన్నం మానేసి నన్ను పిలిపించుకుంది రసూలూ. ఫోటోల్లేవంటే సుబ్బులమ్మ ఊరుకుంటదా? విధవరాలిని పిలిస్తే ఇట్టాగే అవుద్దని దాని మొహానే అంటది. బతికినన్నాళ్లూ అంటది."

"ఉన్నది ఉన్నట్టు ఇస్తే?"

మాణిక్యమ్మ ఆ ఫోటోను బోర్లా తిప్పింది.

"అయితే టచింగ్ చెయ్. ఒక్క చుక్కేగా. ఈ జిల్లాలో నీ కుంచెకు తిరుగుందా?" అనేసి, అన్నాక రసూల్ నాలుక కరుచుకున్నాడు. విధవరాలు పెళ్లికూతురికి బొట్టు పెట్టడమా? "కాయితమేలే అక్కా" అని సర్దబోయాడు.

"నువ్వు పెట్టరాదూ?"

"నాకు మీసాలు దిద్దడమే వచ్చు. ఈ లావు వేళ్లతో బొట్టు పెడితే పిల్ల మొహానికి మీసమొస్తది."

చూశారా, మాణిక్యమ్మ నేర్చింది అద్దాల శాస్త్రం. బొట్టు పోయింది ఎందుకో ఆవిడకు తెలిసినంత బాగా ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. అయినా లోపల నమ్మింది మాత్రం సుబ్బులమ్మ నమ్మిందే. గాజుబిళ్ల తుడిచేసిన బొట్టును తన చెయ్యి మళ్లీ పెడితే నిజంగానే పిల్లకు ఏదైనా అవుతుందేమోనని భయం. ఇస్తే ముప్పు, మానితే ముప్పు, దిద్దితే ముప్పు.

మర్నాడు తొమ్మిది ఫోటోలూ ప్రింటు వేసి ఆరబెట్టాక, ధైర్యం చేసి పక్కింటి రత్తమ్మను పిలిచింది. ఐదుగురు పిల్లల తల్లి, నిండు ముత్తైదువ. సంగతి విని రత్తమ్మ ఉత్సాహంగా కాళ్లూ చేతులూ కడుక్కుని, తూర్పుకు తిరిగి, దేవుణ్ణి తలుచుకుని, మూడు వెంట్రుకల కుంచెను గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది. నల్లరంగులో ముంచి ధనలక్ష్మి నుదుట అద్దింది. రంగు కనుబొమ్మల దాకా పాకింది.

"ఏమే మాణిక్యం, కాస్త పెద్దదైందంటావా?"

"బొట్టు పెట్టమంటే దోసె పోశావేంది వదినా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. మాణిక్యమ్మ మళ్లీ ప్రింటు వేసింది. రెండోది కంట్లో పడింది. మూడోదానికి రత్తమ్మ చెమట తుడుచుకుని కుంచె కింద పెట్టేసింది. "నా వల్ల కాదే. పొయ్యి మీద పాలు పెట్టొచ్చా. నువ్వే పెట్టు, నేను ఎవరితో అంటానా?" అని వెళ్లిపోయింది. ఇంట్లో మళ్లీ ఎవరూ లేరు.

తర్వాత ఏమైందోనని మీరు కంగారు పడకుండా ముందే చెప్పేస్తాను. ఆ ఫోటోలు ఈపూరూ వెళ్లాయి, రాజుపాలెమూ వెళ్లాయి. ఎవరూ ఏదీ కనిపెట్టలేదు. సుబ్బులమ్మ అయితే తన బొట్టు ఎంత నిండుగా వచ్చిందో చూడమని వచ్చినవాళ్లందరికీ చూపించిందట. ధనలక్ష్మి మొగుడు గుండ్రాయిలా ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. కానీ ఆ ఫోటోలు చూసి మాణిక్యమ్మను ఇంకే పెళ్లికీ ఎవరూ పిలవలేదు. నాలుగేళ్లకు రంగుల రీళ్లు వచ్చేశాయి. వాటిని కడగాలంటే గుంటూరు పంపాల్సిందే, రసూల్ అక్కడికే పంపిస్తున్నాడు. ఇప్పుడు మాణిక్యమ్మకు నెగిటివ్‌లో కూడా పెళ్లిళ్లు కనబడడం లేదు. ధనలక్ష్మి దసరాకు ఒక కార్డు రాస్తుంది.

ఆ మధ్యాహ్నం సంగతి చెప్పి ముగిస్తాను. రత్తమ్మ వెళ్లాక ఆవిడ వీధి తలుపు గడియ వేసి, కిటికీ దగ్గర బల్ల వేసుకుని, ముందుగా గ్రూపు ఫోటో తీసుకుంది. అందులో ఏడుగురు ఆడవాళ్లు. ముందు వరసలో సుబ్బులమ్మ. కుంచె కొసను నాలుకతో తడిపి, ఆవిడకు రూపాయి బిళ్లంత బొట్టే పెట్టింది, నూలుపోగంత కూడా తగ్గించలేదు. అది పెట్టేటప్పుడు కొంచెం నవ్వు కూడా వచ్చింది. తర్వాత పెళ్లికూతురి అత్తగారికి, ఆడబిడ్డకు, మేనత్తలకు వరసగా పెట్టుకుంటూ పోయింది. ఒక్కొక్క ఫోటోలో పెళ్లికూతురి దగ్గరికొచ్చేసరికి వదిలేసి పక్కదానికి పోయింది. అందరికీ పెట్టడం అయిపోయింది. ఇక మిగిలింది ఆ పిల్ల నుదురే.

ఒంటరిగా ఉన్న ఫోటో తీసుకుని ముందు పెట్టుకుంది. ధనలక్ష్మి తనకేసే చూస్తోంది. కెమెరా పట్టుకుంది తనే కాబట్టి ఆ నవ్వు తనను చూసి నవ్విన నవ్వే. పందిట్లోకి రావద్దన్నారు, అక్షింతలు వేయనివ్వలేదు, ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు ఆ ముఖం జానెడు దూరంలో ఉంది. వద్దనేవాళ్లు ఎవరూ లేరు. తాను తప్ప.

"తప్పయితే నాకే తగలాల" అంది పైకే. ఎవరితో అందో తెలియదు. కుంచె తడిపి, రంగులో ముంచి, కొసను కాగితం మీద తిప్పి సన్నం చేసి, ఎడమ చేతి వేళ్లు పిల్ల గడ్డం కింద ఆనించింది, నిజంగా గడ్డం పట్టుకున్నట్టు.

"కదలబాకమ్మా" అంది.

బాసికం కింద, రెండు కనుబొమల నడుమ, చిన్నగా గుండ్రంగా పెట్టింది. పెట్టి, రాలిన కుంకుమ పోవడానికన్నట్టు వంగి, పిల్ల ముక్కు మీద మెల్లగా ఊదింది.